పక్క కణం

త్సుబామెలో ఫిబ్రవరికి మంచు
కిటికీ సగం దాకా వస్తుంది.
నా అద్దెగది కింద రాగి కొట్టే దుకాణం.
పొద్దంతా ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంటుంది,
తీస్తే ఎవరూ ఉండరు.

నా పని కోడిగుడ్లతో, చిట్టెలుక కూనలతో.
సూదిమొనతో లోపలి చెవి విప్పుతాను.
కూన చెవిలో నత్తగుల్ల, బియ్యపు నూకంత.
అందులో పరుచుకున్న కణాలు మొదట్లో అన్నీ ఒకటే,
ఏది ఏమవుతుందో వాటికీ తెలియదు.

అప్పుడొకటి, ఎందుకో,
వెంట్రుకవాసి ముందుంటుంది.
పక్కదాన్ని తాకి చెబుతుంది:
"వినేదాన్ని నేనవుతాను. నువ్వు కావద్దు."
పక్కది వింటుంది.
చెవి ఇంకా లేని చోట
మొదటి వినికిడి అదే.

గెలిచినదాని నడినెత్తిన ముందు ఒక్కటే వెంట్రుక.
అది మెల్లగా అంచుకు జరుగుతుంది.
దాని వెనక పొట్టివి, ఇంకా పొట్టివి,
మెట్లు కట్టినట్టు.
మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక దారం,
సాలీడు చూస్తే సిగ్గుపడేంత సన్నం.
అది బిగిస్తే తలుపు తెరుచుకుంటుంది, లోకం లోపలికొస్తుంది.
మెట్లు నిలబడ్డాక ఆ మొదటి వెంట్రుక ఉండదు.
పరంజా విప్పేసినట్టు పోతుంది.

పుట్టిన కూన పన్నెండు రోజులు చెవిటిదే.
అయినా ఆ కణాలు ఊరుకోవు.
ఏ చప్పుడూ లేకుండానే గుంపుగుంపుగా ఉలిక్కిపడతాయి,
కచేరీకి ముందు శ్రుతి చూసుకుంటున్నట్టు.
ఆ ఉలికిపాటు పుట్టించేవి ఎవరనుకున్నారు?
పక్క కణాలే.
వద్దనిపించుకున్నవే.

కింద దుకాణంలో ఇద్దరు అన్నదమ్ములు.
తండ్రి ఏనాడో పెద్దవాడు కన్‌రోకు చేతిలో సుత్తి పెట్టి
చిన్నవాడు ఎయిసకుతో అన్నాడట,
"నువ్వు పట్టుకో" అని.
అరవై ఏళ్లుగా పట్టుకునే ఉన్నాడు:
కెటిల్ అడుగు, కొలిమి పట్టకారు, మైనం గుడ్డ.
సుత్తి మాత్రం ముట్టలేదు.

రాగి ఎంత పలచబడిందో చప్పుడే చెప్పాలి.
కన్‌రోకుకి సన్నని చప్పుళ్లు పోయాయి.
వాటిని వినేవి చెవి వాకిట్లోనే ఉంటాయి,
ముందుగా తయారయ్యేవీ అవే, ముందు పోయేవీ అవే.
నీళ్లు మరిగి కూతపెట్టినా లేవడు.
ఇప్పుడు ఎయిసకు వింటాడు.
చాలు అనే చోట అన్న భుజం మీద రెండు వేళ్లు వేస్తాడు.
సుత్తి గాల్లో ఆగుతుంది.

కోడికి ఒక విద్య తెలుసు.
వినే కణం చచ్చిపోతే పక్కది లేస్తుంది,
తల మీద వెంట్రుకలు మొలిపించుకుని
కొద్దిరోజుల్లో ఆ పీట మీద కూర్చుంటుంది.
మనలో అలా కాదు.
చెప్పింది పోయింది,
చెప్పిన మాట పోలేదు.
నిశ్శబ్దం మధ్య కూర్చుని పక్క కణం
ఇంకా ఆ ఒక్క మాటే వింటోంది.

అద్దె కట్టడానికి వెళ్లి
ఇదంతా ఎయిసకుకి చెప్పాను.
మైనం గుడ్డ ఆపకుండా నవ్వాడు.
"కోళ్లకి నాన్నలుండరు కదమ్మా."

నిన్న రాత్రి పదకొండింటికి
గుడ్ల లెక్క రాసుకుంటున్నాను
(ఇరవై మూడు, అందులో రెండు పాడు)
కింద నుంచి ఒక దెబ్బ.
కన్‌రోకు దెబ్బ నాకు తెలుసు,
ఎత్తినప్పుడు తేలిక, దించినప్పుడు తీర్పు.
ఇది అడుగుతున్నట్టుంది.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
మంచుకి ఎటూ చప్పుడుండదు.
పెన్ను ఎత్తి పట్టుకుని
రెండోదాని కోసం
ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ కూర్చున్నాను.